ఉచితమా? సముచితమా?

సంస్కృతంలో ‘ఉచితం’ అంటే తగినది. ‘ఔచిత్యం’ అనే మాటకు అదే మూలం. తెలుగులో ఆ పదానికి వెల లేనిది అనే అర్థం స్థిరపడింది. వెల లేనిది తగినది కూడా అవుతుందా? కంప్యూటరు రంగంలో చిరకాలంగా సాగుతున్న ఒక చర్చకు ఈ ప్రశ్నే కేంద్రం. వెబ్ సర్వర్ల చరిత్ర దీనికి చక్కని ఉదాహరణ.

మనం బ్రౌజరులో ఒక చిరునామా తెరిచినప్పుడు, ఆ పుటను మనకు అందించే ప్రోగ్రామే వెబ్ సర్వర్. అమెరికాలోని ఇల్లినాయ్ విశ్వవిద్యాలయంలో రాబ్ మెకూల్ రూపొందించిన సర్వర్ తొలినాళ్లలో బహుళ ప్రచారం పొందింది. 1994లో ఆయన ఆ సంస్థను వీడడంతో దాని అభివృద్ధి కుంటుపడింది. అప్పటికే దానిని వాడుతున్నవారు ఎవరికి వారు చేసుకొన్న సవరణలను 1995లో ఎనిమిదిమంది ఒకచోట కూర్చారు. అదే ‘అపాచీ’. మరుసటి సంవత్సరానికే అది అత్యధిక వెబ్‌సైట్లకు ఆధారమైంది.

అయితే ఆనాడు అపాచీని కంప్యూటరులో నెలకొల్పడం సులభం కాదు. మూలసంకేతాన్ని దింపుకొని, కంపైల్ చేసి, అమరికలను ఒక ఫైలులో స్వయంగా రాసుకోవలసి వచ్చేది. మైక్రోసాఫ్ట్ వారి ఐఐఎస్ పద్ధతి వేరు. వెల చెల్లించి విండోస్ సర్వర్ కొంటే, దానితోపాటే అదీ వచ్చేది. మౌస్‌తో నాలుగు మీటలు నొక్కితే పని పూర్తయ్యేది. వాణిజ్య సాఫ్ట్‌వేర్ సౌలభ్యానికి బాట వేసిందన్న మాట కాదనలేనిది.

కాని సౌలభ్యం ఒక్కటే కొలబద్ద కారాదు. విండోస్ 2000 సర్వర్‌ను ఇన్‌స్టాల్ చేస్తే ఐఐఎస్ కూడా దానంతటదే వచ్చి చేరేది. తమ యంత్రంలో వెబ్ సర్వర్ నడుస్తున్నదని కూడా తెలియనివారు ఎందరో ఉండేవారు. 2001 జూలైలో ‘కోడ్ రెడ్’ అనే వార్మ్ ఐఐఎస్‌లోని లోపాన్ని ఆసరా చేసుకొని, 14 గంటలలోపే 3,50,000కు పైగా కంప్యూటర్లకు సోకింది. ఆ లోపానికి సవరణ అంతకు నెల ముందే, జూన్‌లోనే వెలువడింది. ఉన్నదని తెలియని దానికి మరమ్మతు చేసేదెవరు?

ఉచిత సాఫ్ట్‌వేర్ ఇందుకు అతీతమని భావించరాదు. 2002లో ‘స్లాపర్’ అనే వార్మ్ లినక్స్‌పై నడిచే అపాచీ సర్వర్లలోకి చొరబడింది. అక్కడా సవరణ ముందే లభించింది. దానిని అమర్చుకోవడంలో అలసత్వమే చేటు తెచ్చింది.

నేడు ఆనాటి కష్టం లేదు. లినక్స్‌లో ఒక్క ఆదేశంతో అపాచీ సిద్ధమవుతుంది. ఇన్‌స్టాల్ చేయడంలో ఇరుపక్షాల మధ్య వ్యత్యాసం దాదాపు చెరిగిపోయింది. మిగిలిన వ్యత్యాసం మరొకటి: అపాచీ మూలసంకేతాన్ని ఎవరైనా చదవవచ్చు, మార్చవచ్చు, పంచవచ్చు. నేర్చుకొనే విద్యార్థికి ఇంతకు మించిన పాఠశాల లేదు. అందుచేత విద్యార్థి దశలో స్వేచ్ఛా సాఫ్ట్‌వేరే సముచితమని నా అభిప్రాయం.

నెలకొల్పడం ఒక పూట పని, నిలుపుకోవడం నిత్యకృత్యం. ఒక్క ఆదేశంతో సర్వర్‌ను సిద్ధం చేసుకొన్న విద్యార్థి అంతటితో తృప్తి చెందక, దాని అమరికల ఫైలును తెరిచి ఒక్కొక్క పంక్తినీ చదవాలి. అప్పుడే ఉచితంగా లభించినది సముచితమవుతుంది.