కౌబాయి మనవాడే, అతని చెలికాడు మాత్రం పరాయివాడట!



ఈ టపా కొంత ఘాటుగా ఉంటుంది, ముందే చెబుతున్నాను. బెంజ్ సర్కిల్ సమీపంలో మేము కొందరం విశ్రాంత ఉపాధ్యాయులం నెలకొకసారి కూర్చుని పుస్తకాల ముచ్చట్లు చెప్పుకుంటాం. మద్రాసు–కలకత్తా రహదారీ, పూనా–బందరు రహదారీ కలిసే చోటు అది. అక్కడ మాట వినబడాలంటే గొంతు పెంచక తప్పదు. మా వాదాలకు ఆ ఆవేశం అట్లా అబ్బిందేమో! ఈసారి ప్రసంగం ఆనీ ప్రూ అనే అమెరికా రచయిత్రి వ్రాసిన 'బ్రోక్‌బ్యాక్ మౌంటెన్' కథ మీదికి మళ్ళింది. దాన్ని ఎవరైనా మంచి తెలుగులోకి తెస్తే బాగుండునన్నాను. ఒక మిత్రుడు వెంటనే అందుకున్నారు: "మాస్టారూ, అవన్నీ అమెరికా జాడ్యాలండీ. మన కృష్ణా డెల్టాలో ఇద్దరు మగవాళ్ళు కలిసి ఉన్నారంటే వ్యవసాయం చేసుకుంటున్నారని అర్థం. అంతే!" అందరూ నవ్వారు. ఆ మిత్రునికి తెలియనిదేమంటే, ఆ కథలో ఒకడు ప్రాణం పెట్టి కోరుకున్నదీ సరిగ్గా అదే, కలిసి వ్యవసాయం చేసుకోవడం.

కథ తెలియనివారికి రెండు మాటలు. ఇది 1997లో 'న్యూయార్కర్' పత్రికలో వెలువడింది. 2005లో ఆంగ్ లీ దర్శకత్వంలో చలనచిత్రమై, మరుసటి ఏడు మూడు ఆస్కార్ పురస్కారాలు పొందింది. 1963 వేసవిలో వయోమింగ్ రాష్ట్రంలోని ఒక కొండమీద కాపలా పనికి కుదిరిన ఎనిస్, జాక్ అనే ఇద్దరు కుర్రవాళ్ళ కథ. లోకమంతా కౌబాయిల కథ అంటుంది గాని, ఆ కొండమీద వాళ్ళు కాసినవి గొర్రెలు. (పంతుళ్ళకు ఇటువంటి పట్టింపులు తప్పవు.) అక్కడ చెలిమి ప్రేమగా మారింది. తరువాత ఇద్దరూ పెళ్ళిళ్ళు చేసుకున్నారు, బిడ్డలను కన్నారు. చేపలవేట నెపం మీద అప్పుడప్పుడు కొండలకు పోయి కలుసుకుంటూ దాదాపు ఇరవై ఏళ్ళు గడిపారు.

జాక్ కోరిక చాలా చిన్నది. ఒక చిన్న రాంచ్, కొన్ని ఆవులు, వాటి దూడలు, తామిద్దరూ. రాంచ్ అనే మాటకు మన డెల్టా భాషలో 'కమతం' చక్కగా సరిపోతుంది. ఇల్లు, కొట్టం, మేతబీడు, ఒక కుటుంబపు కష్టం అన్నీ ఆ మాటలో ఇమిడిపోతాయి. ఎనిస్ ఒప్పుకోడు. తనకు తొమ్మిదేళ్ళ వయసప్పుడు తండ్రి తీసుకువెళ్ళి చూపించిన దృశ్యం అతనికి అడ్డుపడుతుంది. ఆ ప్రాంతంలో ఇద్దరు ముసలివాళ్ళు కలిసి కమతం నడుపుకునేవారు. వారిలో ఒకరిని చిత్రహింస పెట్టి చంపి పంటకాలువలో పడవేశారు. పిల్లవాడు చూసి బుద్ధి తెచ్చుకోవాలని తండ్రి ఆ శవం దగ్గరకు తీసుకుపోయాడు. ఇది కల్పితమే గదా అనుకునేవారికి ఒక నిజం చెబుతాను. కథ వెలువడిన మరుసటి ఏడు, 1998 అక్టోబరులో, అదే వయోమింగ్‌లో మాథ్యూ షెపర్డ్ అనే విద్యార్థిని కొట్టి కంచెకు కట్టివేసి పోయారు. ఆ పిల్లవాడు ఆసుపత్రిలో ప్రాణం విడిచాడు.

కథ చివర జాక్ మరణిస్తాడు. తన చితాభస్మాన్ని ఆ కొండమీద చల్లమని అతని కోరిక. అందుకు ఎనిస్ అతని తల్లిదండ్రుల కమతానికి వెళితే, తండ్రి ససేమిరా అంటాడు. బూడిద కుటుంబపు శ్మశానవాటికలోకే పోవాలంటాడు. స్నేహితుణ్ణి ఇక్కడికి తెచ్చి ఇద్దరం కలిసి ఈ కమతాన్ని దారికి తెస్తామని మావాడు అంటూ ఉండేవాడని కూడా ఆ ముసలివాడే చెబుతాడు, కక్కిన కోపంతో. గమనించండి, ఆ తండ్రికి తెలియనిదేమీ లేదు. తెలిసీ ఊరుకున్నాడు. పొలం దగ్గరకు, బూడిద దగ్గరకు వచ్చేసరికి మాత్రం గేటు మూశాడు.

ఇక 'పరాయి' అన్న మాట చూద్దాం. కౌబాయి మనకు పరాయివాడా? 1971లో 'మోసగాళ్ళకు మోసగాడు' విడుదలైనప్పుడు మన డెల్టా జనం దాన్ని ఎట్లా నెత్తిన పెట్టుకున్నారో మా తరానికి గుర్తే. తెనాలి పక్క బుర్రిపాలెం బిడ్డ కృష్ణ తలకు టోపీ, నడుముకు తుపాకీ పెట్టుకుని గుర్రమెక్కితే ఎవరూ సంస్కృతి చెడిపోయిందనలేదు. కథా మాటలూ సమకూర్చినవాడు ఎవరో కాదు, 'సమగ్రాంధ్ర సాహిత్యం' వ్రాసిన ఆరుద్ర! తరువాత 1990లో 'కొదమసింహం', 2002లో 'టక్కరి దొంగ' వచ్చాయి. ఆ టోపీ మనది, గుర్రం మనది, పగ మనది, తుపాకీతో పదిమందిని కాల్చి చంపడం కూడా మనదే. ఆ టోపీ పెట్టుకున్నవాడు పక్కవాణ్ణి ప్రేమించాడనగానే అమెరికా జాడ్యమైపోయింది. ఇదెక్కడి న్యాయమయ్యా!

నేను తెలుగు పండితుణ్ణి, నా చేతిలో ఉన్న పనిముట్టు మాట ఒక్కటే. 'స్నేహం' ప్రకృతి, 'నెయ్యం' వికృతి అని ఎన్ని తరాల పిల్లల చేత వల్లె వేయించానో! ఆ నెయ్యానికి చెలిమి అనీ అర్థమే, వలపు అనీ అర్థమే. మన కావ్యాలలో నెయ్యపు కినుక అంటే ప్రియులు పడే అలుక. 'చెలి' అంటే స్నేహితురాలు, చెలి అంటేనే ప్రేయసి. స్నేహితుడు ఇక్కడి దాకా, ప్రియుడు అక్కడి నుంచి అని మన భాష ఎక్కడా గట్టు వేయలేదు. ఇంకా పైకి పోదాం. వివాహంలో సప్తపది ఉంది గదా, ఏడవ అడుగున వరుడు వధువును కోరేది ఏమిటి? సఖ్యం! కలిసి ఏడడుగులు నడిస్తే ఏర్పడేది సఖ్యం గనుకనే 'సాప్తపదీనం' అనే మాటను ఆ అర్థంలో సాధించడానికి పాణిని ప్రత్యేకంగా ఒక సూత్రం చేశాడు. 1955 నాటి హిందూ వివాహ చట్టం సైతం సప్తపది జరిగే పెళ్ళిళ్ళలో ఏడవ అడుగుతోనే వివాహం పూర్తయినట్టు చెబుతుంది. అంటే స్నేహం మీద పెళ్ళిని నిలబెట్టినవాళ్ళం మనం. ఇద్దరు స్నేహితులు ఒక ఇంటి కప్పు కోరితే మనకు వింత!

'ప్రకృతి విరుద్ధం' అంటారు కొందరు. ఆ మాట శాస్త్రంలోది అనుకుంటారు పాపం. అది మెకాలే ముసాయిదా మీద 1860లో తెల్లదొరలు చేసిన శిక్షాస్మృతిలో 377వ సెక్షన్ మాట. మన వాత్స్యాయనుడు రెండవ అధికరణం తొమ్మిదవ అధ్యాయంలో, పరస్పరం గాఢవిశ్వాసం గల నాగరకులు కొందరి నడవడిని వర్ణించాడు. ఆచార్యుల అభ్యంతరాలనూ దాచలేదు. ఉన్నది ఉన్నట్టు చెప్పాడు, జైలు గురించి మాత్రం మాట్లాడలేదు. ముద్దుపళని 'రాధికాసాంత్వనము'ను బెంగుళూరు నాగరత్నమ్మ 1910లో అచ్చు వేయిస్తే అశ్లీలమని నిషేధించింది ఆ తెల్లదొరల ప్రభుత్వమే, వంతపాడింది మన సంస్కర్తలే. దొర సిగ్గును మన సంప్రదాయమని మోస్తున్నాం. 2018 సెప్టెంబరు 6న సుప్రీంకోర్టు ఆ సెక్షన్ విషపుపన్ను పీకింది. 2024 జూలై 1 నుంచి ఆ శిక్షాస్మృతి కూడా అమలులో లేదు.

నేరం కాకుండా పోయింది గదా, ఇంకేం కావాలంటారా? అసలు తగవు ఇక్కడే ఉంది.

1980ల చివర బందరు కాలువ కింద ఒక ఊళ్ళో పనిచేశాను. ఆ ఊళ్ళో ఇద్దరు మిత్రులుండేవారు. చెరొక ఎద్దు, ఇద్దరిదీ కలిపి ఒక్క కాడి. ఒకాయన పెళ్ళి చేసుకోలేదు. రెండో ఆయనకు భార్య పోయింది, పిల్లలు లేరు. పొలం పెళ్ళికాని ఆయన పేరున ఉండేది. సార్వా, దాళ్వా, మినుము, ఏదైనా ఇద్దరి చేతుల మీదే. కొట్టం పక్క పాకలో వంట, నిద్ర. ఊరు వారిని జంటకవులని వేళాకోళమాడేది, వాళ్ళు నవ్వి ఊరుకునేవారు. వారి మధ్య ఏముందో ఊరు ఎన్నడూ అడగలేదు, నేనూ అడగలేదు. అడగకపోవడం మర్యాదే. అయితే పెళ్ళికాని ఆయన ఒక వర్షాకాలంలో జ్వరంతో పోయాడు. మిత్రుణ్ణి పాడె మోయనిచ్చారు. తలకొరివి అన్నకొడుకు పెట్టాడు. పెద్దకర్మ అయిన మూడోనాడు ఆ అన్నకొడుకే వచ్చి పాకకు తాళం వేశాడు, చనిపోయినాయన ఎద్దును సంతకు తోలాడు. ఈయన తన ఒంటెద్దును పట్టుకుని గట్టు మీద నిలబడ్డాడు. ఒక్క ఎద్దుతో ఏం దున్నుతాడు! ఊళ్ళో ఒక్కరూ నోరు విప్పలేదు. ఇన్నాళ్ళూ దయగా పాటించిన మౌనాన్ని ఆనాడూ పాటించారు.

జంటకవులంటే గుర్తొచ్చింది. 1920లో దివాకర్ల తిరుపతిశాస్త్రిగారు గతించిన తరువాత కూడా చెళ్ళపిళ్ళవారు ఇద్దరి పేరిటా రచనలు వెలువరించారు. వారి మైత్రి వేరు, దానికి లేనిపోని అర్థాలు తీయడం నా ఉద్దేశం కాదు. నేను చెప్పేది ఇంతే: ఇద్దరు మగవాళ్ళ కష్టఫలం విడదీయరానిదని, ఒకరు పోయినా రెండోవారి వాటా చెరిగిపోదని పద్యం విషయంలో ఒప్పుకున్న జాతి, మూడెకరాల పొలం విషయంలో ఎందుకు ఒప్పుకోదు?

చట్టం చూడండి. 1956 నాటి హిందూ వారసత్వ చట్టం ప్రకారం వీలునామా లేకుండా పోయినవాని ఆస్తికి మొదటి తరగతి వారసులు, రెండవ తరగతి వారసులు, ఆ పైన సగోత్రీకులు, వారూ లేకపోతే ఇతర రక్తబంధువులు. ఎవరూ లేకపోతే ప్రభుత్వం! కలెక్టరాఫీసుకు కూడా ఆ వరుసలో చోటుంది, నలభై ఏళ్ళు పక్కన నిలిచి దుక్కి దున్నినవాడికి లేదు. వీలునామా వ్రాసుకోవచ్చు గదా అంటారు. వ్రాసుకోవచ్చు, నిజమే. మరి ఆసుపత్రిలో సంతకం? చితి దగ్గర మాట? భార్యకు వీలునామా లేకున్నా దక్కేది వీడికి వీలునామా ఉంటే తప్ప ఎందుకు దక్కకూడదు?

ఈ ప్రశ్నే సుప్రీంకోర్టు మెట్లెక్కింది. ఎక్కించినవారిలో ముందున్నది హైదరాబాదులో కాపురముంటున్న సుప్రియో చక్రవర్తి, అభయ్ డాంగ్. దాదాపు పదేళ్ళ సహజీవనం తరువాత 2021 డిసెంబరులో బంధుమిత్రుల నడుమ వేడుక చేసుకుని, 2022లో వ్యాజ్యం వేశారు. 2023 అక్టోబరు 17న అయిదుగురు న్యాయమూర్తులు వివాహం ప్రాథమిక హక్కు కాదన్నారు. కనీసం కలిసి బ్రతికే బంధానికైనా చట్టపు గుర్తింపు ఇవ్వాలా అన్న చోట ముగ్గురు కాదన్నారు, ఇద్దరు ఔనన్నారు. 2025 జనవరిలో పునఃపరిశీలన విన్నపాలనూ తోసిపుచ్చారు. న్యాయమూర్తుల పాండిత్యం మీద నాకు గౌరవమే. కాని ఇది పార్లమెంటు చూసుకోవలసిన పని అన్న వాక్యం చదివినప్పుడు, ఊళ్ళో పెద్దలు తగవును వచ్చే అమావాస్యకు వాయిదా వేసినట్టే తోచింది.

పూర్తిగా చీకటేమీ కాదు. 2024 డిసెంబరులో మన ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ముందుకు ఒక వ్యాజ్యం వచ్చింది. ఏడాదిగా విజయవాడలో, అవును, మన విజయవాడలోనే, కలిసి కాపురముంటున్న ఇద్దరు యువతులలో ఒకరిని తండ్రి తీసుకుపోయి నిర్బంధించాడని రెండో ఆమె ఫిర్యాదు. మేజరైన అమ్మాయి తనకు నచ్చినవారితో ఉండవచ్చునని, కుటుంబం అడ్డురాకూడదని న్యాయస్థానం ఆమెను పంపింది. అమెరికా జాడ్యమన్న మిత్రులు ఈ తీర్పు చదవాలి. వయోమింగ్ దాకా పోనక్కరలేదు, పటమట దాటనక్కరలేదు.

అదే ఏడాది ఆగస్టు, సెప్టెంబరులలో కేంద్రప్రభుత్వం కొన్ని వివరణలు ఇచ్చింది. ఇటువంటి జంటలు బ్యాంకులో ఉమ్మడి ఖాతా తెరవడానికి అడ్డేమీ లేదని, భాగస్వామిని నామినీగా పెట్టుకోవచ్చునని, రేషను కార్డు విషయంలో ఇద్దరినీ ఒకే ఇంటివారిగా చూడాలని రాష్ట్రాలకు చెప్పింది. బియ్యం కార్డు మీద ఒకే ఇంటివారైనవాళ్ళు పట్టాదారు పాసుపుస్తకం దగ్గరకు వచ్చేసరికి అపరిచితులెట్లా అవుతారో నాకు బోధపడదు. ఒక కుండలో వండుకోండి, ఆ బియ్యం పండించిన పొలం మాత్రం తమ్ముడి కొడుకుది అనడమేగా ఇది!

శాసనసభలో కూర్చున్నవారికి ఒక పాత పంతులు విన్నపం. పెళ్ళి అనే మాట మీకు అంత బరువైతే ప్రస్తుతానికి పక్కన పెట్టండి. వారసుల వరుసలో ప్రభుత్వం కంటె ముందు, ఆ మాటకొస్తే ముఖం ఎరుగని దూరపు దాయాదికంటె ముందు, కలిసి బ్రతికినవాడికి ఒక చోటు చూపండి. ఆసుపత్రి కాగితం మీద సంతకం చేయనివ్వండి. రేషను కార్డు దరఖాస్తులో 'కుటుంబ పెద్దతో సంబంధం' అనే గడి ఒకటుంటుంది. అక్కడ ఏం వ్రాయాలో తోచకపోతే 'సఖుడు' అని వ్రాసుకోనివ్వండి. పాణిని నాటి నుంచి చెల్లుబాటవుతున్న మాటే.