తలలు లెక్కపెట్టారు, పేర్లు పారేశారు

మీ తాత పేరేంటి అంటే చెబుతాం. తాతను కన్న తండ్రి పేరేంటి అంటే కాసేపు ఆగి, ఇంట్లో ముసలామెను అడిగి చెబుతాం. ఆ పైన? మాలపల్లెలోనూ మాదిగపల్లెలోనూ చాలా ఇళ్లలో అక్కడితో నోరు ఆగిపోద్ది. అదే ఊళ్లో అగ్రహారపు పిల్లోడు ఒడుగు నాటినుంచే గోత్రమూ ప్రవరా గుక్క తిప్పుకోకుండా చెబుతాడు. రాజుల వంశం పొగడటానికి భట్రాజులు ఉండేవాళ్లు. హరిద్వారం పోతే పండాల చిట్టాల్లో యాత్రకొచ్చిన కుటుంబాల తాతముత్తాతల పేర్లు వరసగా రాసి ఉంటాయి. మరి మన తాతలో? మబ్బుల్లోంచి ఊడిపడ్డారా?

"మీకు చరిత్ర ఎక్కడిదిరా" అని రచ్చబండ మీద కూర్చుని ఎకసెక్కాలాడే పెద్దమనుషులకు జవాబు చెప్పాలి. మా తాతలకు చరిత్ర లేక కాదు. కలం మీ దగ్గర ఉంచుకుని పార మా చేతికిచ్చారు. రాసుకున్నోడి పేరు మిగిలింది, తవ్వినోడి పేరు పోయింది. ధవళేశ్వరం ఆనకట్ట 1847లో మొదలై 1852లో ముగిసింది. గోదావరి జిల్లాల్లో కాటన్ దొరకు ఊరూరా విగ్రహం ఉంది. రాళ్లెత్తి, మట్టి మోసిన వేలమంది కూలీల్లో ఒక్కడి పేరైనా మనకెవరైనా పాఠంలో చెప్పారా? నేను బడిపంతులుని. పాఠం చెప్పేవాణ్ణే. ఆ పాఠంలో ఆ పేర్లు లేవు.

పేరు రాసినోడు ఎందుకు రాశాడు?

ముందు ఇంగ్లండు సంగతి చూద్దాం. అక్కడ 1538లోనే రాజాజ్ఞ అయింది. ప్రతి చర్చి తన పరిధిలోని బాప్తిస్మాలు, పెళ్లిళ్లు, సమాధులు పుస్తకంలో రాయాలి. 1837 నుంచి సర్కారే జనన మరణాలు నమోదు చేసింది. 1841 నుంచి జనాభా లెక్కల్లో ఇంట్లో ఉన్న ప్రతి మనిషి పేరూ రాసి, ఆ కాగితాలు దాచిపెట్టారు. నూరేళ్లు దాటాక అందరికీ చూపిస్తారు. 1921 నాటి పుస్తకాలు 2022 జనవరిలో తెరిచారు. అక్కడ కూడా పేదోడి జాడ తేలిగ్గా దొరకదు. గుమస్తా చెవికి ఎట్టా వినపడితే అట్టా పేరు రాశాడు. 1841లో పెద్దవాళ్ల వయసులు అయిదేళ్ల లెక్కన కుదించి వేశారు. కూలి కోసం ఊళ్లు మారినోడు ఒక పుస్తకంలో కనపడి ఇంకోదాంట్లో మాయమవుతాడు. 1931 కాగితాలైతే 1942లో మంటల్లో కాలిపోయాయి. అయినా సరే, ఓపికపడితే అక్కడి బొగ్గుగని కూలీ మునిమనవడు, బట్టలుతికినామె మునిమనవరాలు తమ పెద్దల పేర్లు, ఊళ్లు, పనులు వెతికి పట్టుకుంటున్నారు.

అదే తెల్లదొర 1881 ఫిబ్రవరి 17న మన దేశమంతటా ఒకేసారి తలలు లెక్కపెట్టాడు. అప్పట్నుంచి పదేళ్లకోసారి పెడుతూనే వచ్చాడు. లెక్క తేలాక మనుషుల వివరాలున్న ఆ కాగితాలను నాశనం చేశారు. మిగిలింది మొత్తాలే. మాలలు ఇన్ని లక్షలు, మాదిగలు ఇన్ని లక్షలు. గొడ్ల లెక్కా అట్టాగే ఉంటుంది, గొడ్లకూ పేర్లుండవు. పైగా 1901లో రిస్లీ అనే దొర ఏ కులం పైన, ఏ కులం కింద అని వరస కట్టమన్నాడు. మన పేర్లు దాచడానికి చోటు లేదు గానీ మన మెట్టు రాయడానికి మాత్రం చోటుంది!

చర్చి పుస్తకం ఉంది కాబట్టి ఇంగ్లండు పేదోడికి పేరు మిగిలింది. మనకు గుడి ఉంది కదా అంటారేమో. గుడి మనల్ని గడప తొక్కనివ్వలేదు. గడప తొక్కనోడి పెళ్లి ఎవడు రాస్తాడు, చావు ఎవడు రాస్తాడు?

మన పేర్లు రాసినోళ్లు ముగ్గురే. పన్ను కోసం, చాకిరీ కోసం రాసినోడు కరణం. ఆత్మ కోసం రాసినోడు మిషనరీ. ఒంటి కోసం రాసినోడు ఓడల ఏజెంటు.

ఓడ సంగతి వినండి. 1860 నవంబరు 16న మద్రాసు కూలీలతో మొదటి ఓడ దక్షిణాఫ్రికాలో డర్బను రేవు చేరింది. 1911 దాకా అట్టా పోయిన భారత కూలీలు 1,52,184 మంది. విశాఖపట్నం, గోదావరి, ఉత్తర ఆర్కాటు జిల్లాల నుంచి పోయిన తెలుగువాళ్లు అందులో ఎంతోమంది. అన్ని కులాల పేదలూ, వాళ్లతో మనోళ్లూ. ఒక్కొక్కరికీ నంబరు వేసి పేరు, తండ్రి పేరు, వయసు, కులం, ఊరు, ఎత్తు, ఒంటిమీద మచ్చ రాసుకున్నారు. ఎందుకు? చెరుకుతోటలోంచి పారిపోతే పట్టుకోడానికి. ఆ కాగితాలు ఇంకా ఉన్నాయి. డర్బనులో పుట్టిన మనవరాలు వాటిని పట్టుకుని ఇక్కడి ఊరిపేరు చెబుతోంది. ఓడెక్కిన అన్న పేరు సముద్రం అవతల దొరుకుతుంది. ఊళ్లోనే ఉండి దొర పొలం దున్నిన తమ్ముడి పేరు ఎక్కడా దొరకదు. ఊళ్లో వెట్టికి కాగితం అక్కర్లేదు. తప్పించుకుపోయే దారే లేనోడికి మచ్చలు రాసుకునే పనేముంది?

2,222 మంది పేర్లు ఎక్కడ?

మిషనరీ సంగతికొద్దాం. ఒంగోలు ప్రాంతంలో పుట్టినోడికి ఈ లెక్క తెలుసు. 1876–78 ధాతు కరువులో మనోళ్లు ఎముకల గూళ్లయ్యారు. బకింగ్‌హాం కాలవ తవ్వకంలో కొంత భాగం క్లౌ దొర కాంట్రాక్టు తీసుకుని మనోళ్లకు కూలి ఇప్పించాడు. కరువు తీరాక 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మందికి బాప్తిస్మం. ఆ సంవత్సరం ముగిసేసరికి తొమ్మిది వేలు దాటారు. ఈ అంకెను సభల్లో ప్రసంగీకులు గర్వంగా చెబుతారు. చెప్పాల్సిందే. అంతకుముందే 1866లో బాప్తిస్మం తీసుకున్న తోళ్ల వ్యాపారి యెర్రగుంట్ల పేరయ్య పేరు కూడా చెబుతారు. మిగతా వాళ్లో? 2,222 అనేది సెన్సస్ దొర లెక్కలాంటిదేనా, మనుషులా? అందులో మీ ముత్తవ్వ ఉందేమో ఎప్పుడైనా అడిగారా?

ఒంగోలు ఒక్కటే కాదు. గుంటూరులో లూథరన్లు 1842 నుంచి, బందరులో సి.ఎం.ఎస్. 1841 నుంచి, నెల్లూరులో బాప్టిస్టులు 1840 నుంచి ఉన్నారు. కడపలో లండన్ మిషను, మెదకులో మెథడిస్టులు, ఊరూరా కతోలికులు. ఏ కొమ్ముకు పోయినా బాప్తిస్మ పుస్తకాలు, పెళ్లి పుస్తకాలు, సమాధి పుస్తకాలు రాయడం వీళ్ల పద్ధతి. తల్లి పేరు కూడా రాసిన చోట్లుంటాయి. ఆడమనిషి పేరు రాయడం కరణం పుస్తకంలో ఎక్కడ చూస్తాం?

ఆ పుస్తకాల్లో కొన్ని చెదలు తింటున్నాయి. కొన్ని సంఘపెద్దల బీరువాల్లో తాళాల వెనక ఉన్నాయి. మా బంధువుల సంఘంలో పాత రిజిస్టరు చూపించమని నేనడిగితే సంఘపెద్ద అటూ ఇటూ చూసి, "అది బయటకు తీస్తే మీ పిల్లల సర్టిఫికెట్లు పోతాయి మేస్టారూ, మూసిపెట్టండి" అన్నాడు.

ఆయన భయం ఉత్త భయం కాదు. 1950 ఆగస్టు 10న వచ్చిన రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం హిందూ మతం కాక వేరే మతంలో ఉన్నవాడు షెడ్యూల్డు కులం కాడు. 1956లో సిక్కులను కలిపారు, 1990లో బౌద్ధులను కలిపారు. క్రైస్తవులను బయటే ఉంచి, మన రాష్ట్రాల్లో బి.సి. 'సి' గ్రూపులో ఒక్క శాతం పడేశారు. కొట్టినోడి మీద పెట్టిన అట్రాసిటీ కేసులో కూడా నిందితుడి లాయరు అడిగేది ఇదే: నువ్వు చర్చికి పోతావా? చూశారా కుట్ర! మన తాత పేరు నిలబెట్టిన ఒక్కగానొక్క పుస్తకాన్ని మన మీదకే సాక్ష్యంగా తిప్పారు. మనవడి బువ్వ కోసం తాత పేరు దాచాల్సిన గతి పట్టించారు.

మేం అడిగేది సూటి ప్రశ్న. తాత గుండ్లకమ్మలో మునిగి లేస్తే పల్లె ఊరి మధ్యకొచ్చిందా? హోటల్లో గ్లాసు మారిందా? 1985లో కారంచేడులో, 1991లో చుండూరులో గొడ్డళ్లు పట్టుకొచ్చినోళ్లు బాప్తిస్మం పుస్తకం తిరగేసి చూసి నరికారా? వాళ్లు చూసింది కులం. ఉత్తర్వు మాత్రం మతం చూస్తది.

పేరు పోతే నేల పోద్ది

"కూలి రేట్లు, భూమి సంగతి వదిలేసి తాతల పేర్లెందుకు పంతులూ?" అని మన కార్యకర్తలే కొందరు అడుగుతారు. భూమి కోసమే అడుగుతున్నానన్నా! వెట్టి చేసినందుకు మన పెద్దలకు మాన్యాలుండేవి. 1858 తర్వాత ఇనాం కమిషను ఆ మాన్యాలను రిజిస్టరులో ఎక్కించింది. అసైన్డు భూమి చెయ్యి మారితే తిరిగి హక్కుదారుకో, వారసుడికో ఇప్పించొచ్చని 1977లో చట్టం చేశారు. కానీ ఆఫీసులో మొదట అడిగే మాట: పట్టా ఎవరి పేరున? ఆయనకు నువ్వేమవుతావు? రుజువేది? అక్కడ మన నోరు పడిపోద్ది. కాగితంలో "పుల్లిగాడు" అని ఉంటది, మనం "పుల్లయ్య" అంటాం, సంఘం పుస్తకంలో "యోహాను" అని ఉంటది. ముగ్గురూ ఒక్కడే అని ఎవడు నమ్ముతాడు? 2025లో బీహారులో ఓటర్ల జాబితా సవరించినప్పుడు 2003 జాబితాలో పేరుందా అని అడిగారు. లేనోళ్లు కాగితాల కోసం తిరిగారు. రేపు మన గుమ్మంలోకీ ఆ మాట రావచ్చు.

కులం పేరు కూడా అంతే. దొర ఒకచోట పరయా అని, ఒకచోట మాల, మాదిగ అని, ఇంకోచోట పంచమ అని రాశాడు. 1917 బెజవాడ సభలో భాగ్యరెడ్డి వర్మ అధ్యక్షతన మనోళ్లు ఆది ఆంధ్ర అని పేరు పెట్టుకున్నారు, 1922లో సర్కారు ఒప్పుకుంది. నైజాములో 1931 లెక్కల్లో ఆది హిందూ అని రాయించుకున్నారు. తర్వాత హరిజన అని తగిలించారు. తాత ఒకడే, పేర్లు ఆరు. వెతికేవాళ్లు ఇది గుర్తుంచుకోకపోతే ముందున్న తాతను కూడా దాటేసిపోతారు.

ఏం చెయ్యాలి?

1. ముందు పల్లెలో ముసలోళ్ల దగ్గర కూర్చోండి, ముఖ్యంగా ముసలమ్మల దగ్గర. ఏ ఊరినుంచి ఏ కరువులో వచ్చారు, ఎవరికి ఎవర్నిచ్చారు, ఇంటిపేరేంటి, అన్నీ నోటుబుక్కులో రాయండి. పుస్తకం తర్వాతైనా దొరుకుద్ది, ముసలమ్మ దొరకదు.

2. డక్కలోళ్లు పల్లెకొస్తే తరమొద్దు. జాంబపురాణం పాడి మాదిగల పుట్టుక చెప్పేది వాళ్లే. వాళ్ల నోట్లో ఉన్నది మన పుస్తకం. వాళ్లను కూర్చోబెట్టి రాసుకోండి.

3. పాత డైగ్లాటు, అడంగలు, ఇనాం రిజిస్టరు నకళ్లకు దరఖాస్తు పెట్టండి. తెలంగాణలో సేత్వారు, 1954–55 ఖాస్రా పహాణీ అడగండి. కరణాల పదవి 1984లో పోయింది, వాళ్ల అటకల మీద కట్టలు ఎన్ని ఉండిపోయాయో అడగండి. సమాచార హక్కు చట్టం 2005 నుంచి ఉంది, వాడండి.

4. బడిలో పాత అడ్మిషను రిజిస్టరు చూడండి. జూలై 1న పుట్టినట్టు రాసిన పిల్లలు వరసగా కనపడితే వాళ్లు మనోళ్లేమో చూడండి. పుట్టినరోజు తెలియని పిల్లలకు పంతుళ్లు వేసిన తేదీ అది.

5. సంఘాలకు మా డిమాండు: పుస్తకాలకు నకళ్లు తీయండి, కుటుంబాలకు చూపండి, పత్రికలకూ ఆఫీసులకూ పేర్లు ఇవ్వకండి. సర్కారుకు మా డిమాండు: 1950 ఉత్తర్వులోని మతం షరతు కొట్టెయ్యండి. అప్పుడు బీరువాలు వాటంతటవే తెరుచుకుంటాయి.

6. 2027 మార్చి 1 తేదీతో జరిపే జనాభా లెక్కల్లో కులం కూడా రాస్తామని కేంద్రం 2025లో ప్రకటించింది. 1948 చట్టం ప్రకారం ఇంటి వివరాలు ఎవరికీ చూపరు. బతికున్నోళ్ల గుట్టు కాపాడాల్సిందే. కానీ ఈసారి పేర్లు చెరపొద్దు. దాచండి. నూరేళ్ల తర్వాత మా మునిమనవళ్లకు చూపండి.

ఇది గోత్రాల పోటీ కాదు. మనం స్వచ్ఛమైన రక్తం వెతకడంలేదు. ఏ చెరువు ఎవరు తవ్వారు, ఏ పొలం ఎవరు దున్నారు, ఏ తోలు ఎవరు ఊనారు, ఆ కష్టం ఎవరి పేరున జమ కావాలి, అది వెతుకుతున్నాం. చుండూరులో చంపిన మనోళ్లను ఊరి నడుమ పూడ్చిపెట్టి రక్తక్షేత్రం అని మనమే పేరు పెట్టుకున్నాం. చచ్చినోళ్ల పేర్లు నిలబెట్టుకోవడం మనకు వచ్చు. బతికి, చాకిరీ చేసి, ముసలై పోయినోళ్ల పేర్లూ నిలబెడదాం. వచ్చే పక్షానికల్లా ప్రతి పల్లెలో ఒక నోటుబుక్కు మొదలవ్వాలి. మొదటి పేజీలో మీ అవ్వ పేరు రాయండి.

జై భీమ్!