అభిషేక్ ఎన్ని సిక్సర్లు కొడతాడు? నా చీటీ మీద 33

పోస్టు కాస్త పొడుగే, ఓపిక చేసుకుని చదవండి.

మొన్న ఆదివారం కమిటీ మీటింగు అయిపోయి టీలు తాగుతుంటే మొదలైంది ఈ పంచాయితీ. వచ్చే ఐపీఎల్‌లో సన్‌రైజర్స్ అభిషేక్ శర్మ ఎన్ని సిక్సర్లు కొడతాడు? ఒకరు 50 అన్నారు, ఇంకొకరు 60. ఆర్‌సీబీ జెర్సీ వేసుకొచ్చిన మన కోశాధికారి గారు మాత్రం "ఇరవై దాటవు" అని తేల్చేశారు. అక్కడితో ఆగితే బాగుండేది. రాత్రికి గ్రూపులో ఒక ప్రతిపాదన వచ్చింది: మనిషికి 200 రూపాయలు వేద్దాం, దగ్గరగా చెప్పినవాళ్లకి మొత్తం ఇచ్చేద్దాం. నేను "వద్దు" అని ఒక్క మాట పెట్టాను. "మీరెప్పుడూ ఇంతే అన్నా" అన్నారు. ఆ మాటకే ఈ జవాబు.

ముందు లెక్క చూద్దాం. 2024లో అభిషేక్ 16 ఇన్నింగ్స్‌లో 484 పరుగులు, 42 సిక్సర్లు కొట్టాడు. 2025లో 13 ఇన్నింగ్స్, 439 పరుగులు, 28 సిక్సర్లు. ఆడిన బంతులు చూస్తే మొదటి ఏడు సుమారు 237, రెండో ఏడు సుమారు 227. అంటే బంతుల్లో పెద్ద తేడా లేదు. సిక్సర్లు మాత్రం మూడో వంతు తగ్గిపోయాయి. అదే మనిషి, అదే బ్యాటు, అదే జట్టు. ఏం మారిందో నాకైతే పూర్తిగా అంతుపట్టలేదు. బౌలర్లు అతన్ని చదివేశారని కొందరంటారు, కొంత నిజం ఉండొచ్చు. కొంత మాత్రం ఉత్త అదృష్టమే. బౌండరీ తాడుకి అడుగు లోపల పడితే నాలుగు, అడుగు బయట పడితే ఆరు.

ఆ 28 లోపల ఇంకో సంగతి దాగి ఉంది. 2025 ఏప్రిల్ 12న ఉప్పల్‌లో పంజాబ్ మీద 55 బంతుల్లో 141 కొట్టాడు కదా, ఆ ఒక్క రోజే 10 సిక్సర్లు. అంతకుముందు ఐదు మ్యాచ్‌ల్లో కలిపి అతను చేసింది 51 పరుగులు. ఏప్రిల్ 11న మనల్ని ఎవరైనా అడిగి ఉంటే ఏం చెప్పేవాళ్లం? "వీడి పని అయిపోయింది" అనేవాళ్లం. నేనే మా ఇంట్లో అన్నాను, మా ఆవిడ ఇప్పటికీ ఆ మాట గుర్తు చేస్తుంది.

మన ఊళ్లోనే ఇంతకంటే పెద్ద పాఠం ఉంది. క్రిస్ గేల్. 2011లో 44, 2012లో 59 సిక్సర్లు. 2013లో 51, అందులో 17 ఒక్క ఏప్రిల్ 23 రాత్రివే. చిన్నస్వామిలో పుణె మీద 175 నాటౌట్. ఆ రోజు టికెట్ దొరక్క మారతహళ్లిలో ఒక దర్శిని ముందు నిలబడి టీవీలో చూశాను, చేతిలో కాఫీ చల్లారిపోయింది. సముద్రమట్టానికి 900 మీటర్లకు పైన ఉన్న ఊరు, చిన్న బౌండరీలు, బంతి ఎగిరితే ఇక దిగేది స్టాండ్‌లోనే. మూడేళ్లు వరసగా 44, 59, 51 చూసినవాడు 2014కి ఏమని చెబుతాడు? యాభైకి తక్కువ చెప్పడు. గేల్ ఆ ఏడు ఆడింది 9 మ్యాచ్‌లు, కొట్టింది 12 సిక్సర్లు. మళ్లీ 2015లో 38. కోల్‌కతా రస్సెల్ కథా అంతే: 2019లో 52, మరుసటి ఏడు 9.

న్యూజెర్సీలో ఉండే మా మేనల్లుడికి ఇది చెబితే నవ్వాడు. వాళ్లకి బేస్‌బాల్‌లో ఇదే పిచ్చి. యాంకీస్ ఆరన్ జడ్జ్ 2022లో 62 హోమ్ రన్లు కొట్టాడు. తర్వాతి ఏడు కాలి వేలికి దెబ్బ తగిలి చాలా రోజులు కూర్చున్నాడు, 37 దగ్గర ఆగాడు. 2024లో మళ్లీ 58. అక్కడ సీజన్‌కి 162 మ్యాచ్‌లు, అయినా అంత ఊగిసలాట. మనకి లీగ్‌లో 14 మ్యాచ్‌లు. తొడ కండరం ఒకసారి పట్టేసి రెండు వారాలు బయట కూర్చుంటే మీ అంచనాలో మూడో వంతు గాలికి పోయినట్టే.

కాబట్టి నా పద్ధతి ఇది. రెండేళ్లూ కలిపితే 29 ఇన్నింగ్స్, 464 బంతులు, 70 సిక్సర్లు. ఇన్నింగ్స్‌కి 16 బంతులు, ఆరున్నర బంతులకి పైచిలుకు ఒక సిక్సర్. పద్నాలుగు మ్యాచ్‌లూ ఆడితే 34 దగ్గర తేలుతుంది. ఒకటి తప్పితే 31. ప్లేఆఫ్స్‌కి వెళ్తే 38 దాకా. 60 అన్నవాళ్లు ఒక్కసారి ఆలోచించండి, గేల్ తన జీవితంలోకెల్లా గొప్ప సీజన్‌లో కొట్టింది 59.

ఇక డబ్బు సంగతి. రెండు వందలే కదా అంటారు. మా తమ్ముడి కొడుకు కూడా యాభై రూపాయలతోనే మొదలుపెట్టాడు, ఒక ఫోన్ యాప్‌లో. వాడూ ఇలాంటి లెక్కలే వేసేవాడు, నాకంటే బాగా వేసేవాడు. కాలేజీ ఫీజు కట్టలేదని కబురు వచ్చేదాకా ఇంట్లో ఎవరికీ తెలియదు. తమ్ముడు నాకు ఫోన్ చేసి పది నిమిషాలు ఏమీ మాట్లాడలేదు. 2025 ఆగస్టులో పార్లమెంటు డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటల్ని నిషేధిస్తూ చట్టం చేసిందని మీకు తెలుసు. మనది ఆన్‌లైన్ కాదు, తెలిసినవాళ్ల మధ్య సరదా అని వాదించొచ్చు. కానీ ఆ గ్రూపులో మన పిల్లలూ ఉన్నారు. సంఘం పేరు మీద పందెం పెడితే, రేపు ఇంట్లో వాణ్ణి ఏ మొహంతో మందలిస్తాం?

పోటీ మాత్రం పెడదాం, నేను కాదనడం లేదు. డబ్బు లేకుండా. ప్రతి ఒక్కరూ ఒక అంకె, దాని కింద రెండు వాక్యాల్లో కారణం రాసి చీటీ ఇవ్వాలి. కారణం లేని చీటీ చెల్లదు. గెలిచినవాళ్లకి ఉగాది పంక్తి భోజనంలో మొదటి విస్తరి, రెండు బొబ్బట్లు ఎక్కువ. పిల్లల చీటీలు విడిగా తీద్దాం, వాళ్ల కారణాలు చదివి వినిపిద్దాం.

నాది 33. కోశాధికారి గారూ, మీ ఇరవైకి కారణం రాసి పంపండి, "ఈ సల కప్ నమ్దే" అన్నది కారణం కింద లెక్కకు రాదు.