ఇంట్లో దాచిన కంటి చుక్కల సీసా

మన ఇళ్ళలో గోడగూటిలో చూస్తే సగం వాడిన కంటి చుక్కల సీసా ఒకటి తరచు కనిపిస్తుంది. తాతయ్యకు కంటి ఆపరేషను అయినప్పుడు కొన్నదో, మందుల షాపులో అడిగి తెచ్చినదో. పిల్లవాని కన్ను ఎర్రబడితే అదే తీసి వేస్తాము. మరునాటికి ఎరుపు తగ్గుతుంది. "మంచి మందు" అని మళ్ళీ దాచుకొంటాము. ఈ నెల ఆ సీసా గురించి మాట్లాడుకొందాము.

ఇటువంటి చాలా సీసాలలో రెండు మందులు కలిసి ఉంటాయి. ఒకటి సూక్ష్మక్రిములను చంపే యాంటీబయాటిక్. రెండవది వాపును అణచే స్టీరాయిడ్. డెక్సామెథాసోన్, బీటామెథాసోన్ వంటి పేర్లు సీసాపై ఉంటాయి. ఎరుపును త్వరగా తగ్గించేది ఈ స్టీరాయిడే. అయితే ఎరుపు తగ్గినంత మాత్రాన జబ్బు తగ్గినట్టు కాదు.

స్టీరాయిడ్ చుక్కలు కొన్ని వారాలు వాడితే కొందరికి కంటి లోపలి ఒత్తిడి పెరుగుతుంది. సాధారణంగా నొప్పి ఉండదు. ఆ ఒత్తిడి వలన కంటి నరము మెల్లగా దెబ్బ తింటుంది. దీనినే నీటికాసులు అంటారు. అలా పోయిన చూపు ఏ ఆపరేషనుతోను తిరిగి రాదు. ఎక్కువ కాలము వాడితే చిన్న వయసులోనే శుక్లములు కూడా రావచ్చును. ఎండాకాలము వచ్చిందంటే కళ్ళు నలుపుకొనే పిల్లలకు ఏటేటా అవే చుక్కలు వేసే తల్లిదండ్రులు ఈ మాట మరువరాదు.

పొలములో వరి ఆకో, వడ్లగింజో తగిలి నల్లగుడ్డుపై పుండు పడితే అందులో బూజుజాతి క్రిములు చేరవచ్చును. అప్పుడు స్టీరాయిడ్ వేస్తే పుండు మరింత లోతుకు పోతుంది. కొన్ని వైరస్ పుండ్లకూ ఇదే ప్రమాదము.

ఇక యాంటీబయాటిక్ సంగతి. వైరస్ వలన వచ్చే కండ్లకలకకు అది పనిచేయదు. కొందరికి పడక రెప్పలు వాచి, దురద పుడుతుంది. చుక్కలు వేయగానే కాస్త మంట, కొద్దిసేపు మసక, గొంతులో చేదు రావడము మామూలే. కాని నొప్పి పెరిగినా, వెలుతురు చూడలేకపోయినా, చూపు తగ్గినా ఆ రోజే కంటి డాక్టరుకు చూపించాలి.

స్టీరాయిడ్ మనకు శత్రువు కాదు. ఆపరేషను తరువాత డాక్టరు వ్రాసి ఇస్తే చెప్పినన్ని రోజులు వాడాలి. మన అంతట మనమే మానరాదు, పొడిగించరాదు. ఎక్కువ రోజులు వాడవలసి వస్తే కంటి ఒత్తిడి చూపించుకోవాలి. ఒకరి సీసా మరొకరికి వేయవద్దు. మూత తీసిన సీసాను సాధారణంగా నెల దాటాక పారవేయాలి.

ఈ సాయంత్రమే గూటిలోని సీసా తీసి చూడండి. అది ఎవరి కోసము, ఎప్పుడు తెచ్చినదో గుర్తు లేకపోతే, దాని చోటు గూడు కాదు, చెత్తబుట్ట.