పేరు మారినా అర్థం చెదరకూడదు

మొవ్వ వంటి కృష్ణా డెల్టా దిగువ మండలాలలో సార్వా వరి కోతకు కొద్ది రోజుల ముందు, నిలిచి ఉన్న పైరులోనే మినుము చల్లుతారు. రైతుకు మినుము మినుమే, పెసర పెసరే. శాస్త్ర సాహిత్యంలో మాత్రం వీటి పేర్లు స్థిరంగా లేవు. ఒకనాటి ఫేసియోలస్ ముంగో నేడు విగ్నా ముంగో, అనగా మినుము. ఫేసియోలస్ ఆరియస్‌గా వ్యవహరించిన పెసర నేడు విగ్నా రేడియేటా. ఇంగ్లీషులో ముంగ్ బీన్ అంటే పెసర; శాస్త్రీయ నామంలోని ముంగో మినుముకు చెందినది. మినుమును ఆశించే పల్లాకు తెగులు వైరస్ పేరులోనూ ముంగ్ బీనే ఉన్నది. అక్షరాల పోలికతో పదాలను జతపరిచే కంప్యూటర్ ఇక్కడ పొరబడటం సులభం.

వ్యవసాయ సమాచారం లింక్డ్ డేటాగా మారుతున్న కొద్దీ ఈ చిక్కు పెరుగుతుంది. ఒక రంగంలోని భావనలను, వాటి పరస్పర సంబంధాలను యంత్రం చదవగల రీతిలో నిర్వచించిన వ్యవస్థ ఆంటాలజీ. పంటల ఆంటాలజీ తెగుళ్ల ఆంటాలజీతోను, రెండూ ప్రాంతాల పట్టికతోను ముడిపడి ఉంటాయి. ఒకచోట జరిగిన మార్పు మిగిలినవాటికి చేరకపోతే అనుసంధానం దెబ్బతింటుంది.

ఈ మార్పులలో రెండు విధాలను ముఖ్యంగా గుర్తించాలి. మొదటిది, పేరు మారి అర్థం నిలవడం. మినుము విషయంలో జరిగినది ఇదే. ఇక్కడ గుర్తింపు సంకేతాన్ని మార్చనక్కరలేదు. పాత పేరును పర్యాయపదంగా నిలుపుకొంటే చాలు. రెండవది, పేరు నిలిచి అర్థం మారడం. 2022 ఏప్రిల్ 4న రాష్ట్రంలోని 13 జిల్లాలు 26 అయ్యాయి. మొవ్వ కృష్ణా జిల్లాలోనే ఉన్నది. విజయవాడ ఎన్టీఆర్ జిల్లాకు, నూజివీడు, కైకలూరు ఏలూరు జిల్లాకు వెళ్లాయి. ఒకే సంకేతం కింద 2021, 2023 సంవత్సరాల మినుము విస్తీర్ణాలను పోల్చిన విద్యార్థికి సాగు తగ్గినట్లు తోచవచ్చు. తగ్గినది జిల్లా కావచ్చు.

నా అభిప్రాయంలో రెండవదే ఎక్కువ ప్రమాదకరం. తెగిన లింకు తన లోపాన్ని వెంటనే బయటపెడుతుంది. తప్పు అర్థానికి చేర్చే లింకు సక్రమంగా పనిచేస్తున్నట్లే కనిపిస్తుంది. ఆ పొరపాటు సిఫారసు రూపంలో పొలానికి చేరుతుంది.

జీన్ ఆంటాలజీలో కాలం చెల్లిన పదాన్ని చెరిపివేయరు; ఆ సంగతి నమోదు చేసి, తగిన ప్రత్యామ్నాయం ఉంటే సూచిస్తారు. మనమూ ఆ క్రమశిక్షణ పాటించాలి. అర్థం మారితే కొత్త సంకేతం ఇవ్వాలి. పాతదానిని చెల్లుబాటు తేదీలతో భద్రపరచాలి. ప్రతి జతకూ అది ఏ రూపాంతరాన్ని చూసి ఏర్పరచినదో రాయాలి. విస్తీర్ణం, దిగుబడి వివరాలను గ్రామ, మండల స్థాయిలో నిలిపితే పాత హద్దులకూ కొత్త హద్దులకూ కూడిక వేయవచ్చు.

ఇది అదనపు శ్రమే. అయినా సంవత్సరాల తరువాత చిక్కుముడి విప్పడం కంటే ఇది తేలిక. ఆహార, వ్యవసాయ సంస్థ నిర్వహించే అగ్రోవాక్ పదకోశంలో తెలుగుకు చోటున్నది. అటువంటి పదకోశాలలోని తెలుగు పదాలను సరిచూడటం సాఫ్ట్‌వేర్ నిపుణులకు మాత్రమే వదిలిపెట్టదగిన పని కాదు. మినుముకూ పెసరకూ భేదం ఎరిగిన విస్తరణ శాస్త్రవేత్త ఆమోదం లేనిదే ఏ జతనూ వాడుకలోకి తేరాదు.