‘కన్యాశుల్కం’ గిరీశం ఒక్కడిదేనా?



‘కన్యాశుల్కం’ చిత్రంపై మీ పత్రికలో వచ్చిన వ్యాసం చదివాను. 1955లో పి. పుల్లయ్య తీసిన ఆ సినిమాను వ్యాసకర్త గిరీశం హాస్యంగా తేల్చేసి, కాలం చెల్లిన కథ అన్నారు. ఆ మాట ఒప్పుకోలేను.

గిరీశంగా ఎన్.టి. రామారావు నవ్వించారు, నిజమే. కానీ కథను నడిపేవి దాచిపెట్టిన సంగతులు. ముసలి లుబ్ధావధాన్లు డబ్బు పోసి కట్టుకున్నది ఆడవేషం వేసిన అబ్బాయిని. ఆయన ఇంట్లోనే వితంతువైన కూతురు మీనాక్షి బతుకంతా గుట్టుగా గడవాలి. ఊళ్లో పెద్దమనుషుల గుట్లన్నీ వేశ్య మధురవాణికి తెలిసినా, వాళ్ల కళ్లకు ఆమే చెడ్డది. ఆమె తెలివినీ జాలినీ సావిత్రి చూపులతోనే పలికించింది. అలాంటి నటనను ఒక్క వాక్యంలో దాటేయడం అన్యాయం.

ఈ సినిమాకు మూలమైన నాటకాన్ని గురజాడ సరదాకు రాయలేదు. విజయనగరం మహారాజు తయారుచేయించిన జాబితాలో మూడేళ్లకు 1,034 కన్యాశుల్క వివాహాలు తేలాయని పీఠికలో ఆయనే చెప్పారు. వాటిలో ఏడాది పసిపిల్లలవీ ఉన్నాయి!

ఇక కాలం చెల్లిందన్న మాట. మా పుల్లలచెరువు వైపు మెట్ట ఊళ్లలో వానలు లేని ఏడు తల్లిదండ్రులు పనులకు వలసపోతారు. ఎదిగిన పిల్లను ఒంటరిగా వదల్లేక, బడి మాన్పించి పెళ్లి చేసేసేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. 18 ఏళ్లు నిండాలని చట్టం ఉంది గనుక ఆ పెళ్లిళ్లు చాటుగా జరుగుతాయి. చుట్టాలకు తెలుసు, ఎవరూ నోరు విప్పరు.

మీనాక్షి గురించీ, షావుకారు జానకి పోషించిన మరో వితంతువు బుచ్చమ్మ గురించీ వ్యాసకర్త మరోసారి రాయాలని నా కోరిక.

— ఒక పాఠకురాలు, పుల్లలచెరువు