ఆమె నేర్చుకోవలసింది మేడమీద ఉంది

మదనపల్లె, పుంగనూరు, కుప్పం వైపు నుంచి మా ఆసుపత్రికి వచ్చేవారికి మందులివ్వడం, సూది వేయడం మా నర్సుల పని. ఇంటికి వెళ్ళాక ఆ మందులు వాడుతున్నారా, ఆరు నెలలు వాడవలసిన క్షయ మందులు రెండో నెలలోనే ఎందుకు మానేశారు, ఇంట్లో కంచం, గ్లాసు వేరుపెట్టారా? ఇవన్నీ ఓపికగా అడిగి తెలుసుకునేది సోషల్ వర్కర్. అందుకే ఆ చదువు ఎవరికి అందుతోంది, ఎవరికి అందడం లేదు అన్నది మాకూ పట్టవలసిన విషయమే.

కొన్నేళ్ళ క్రితం ఎం.ఎస్.డబ్ల్యు. చదివే ఒక అమ్మాయి ఫీల్డ్ వర్క్‌కు మా దగ్గరకు వచ్చింది. పోలియో వచ్చిన కాలు, దానికి క్యాలిపర్. ఆడవాళ్ళ వార్డు మేడమీద. "నీకెందుకమ్మా ఈ మెట్ల కష్టం" అని ఆమెను కింద రికార్డుల గదిలో కూర్చోబెట్టాము. దయ చూపించామనే అనుకున్నాము. మూడు వారాలు కేస్ షీట్లు సర్దింది. ఒక్క పేషెంటుతోనూ మాట్లాడలేదు. వెళ్ళే రోజు, "సిస్టర్, నేను నేర్చుకోవలసింది మేడమీద ఉంది కదా" అంది. నడవగలిగిన పేషెంట్లను రోజూ ఒక గంట కిందికి పిలిపించి ఉండవచ్చు. మాకు తట్టలేదు.

2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తించింది. 40 శాతం, అంతకు మించి వైకల్యం ఉన్నవారికి ప్రభుత్వ, ఎయిడెడ్ ఉన్నత విద్యాసంస్థల్లో కనీసం 5 శాతం సీట్లు, వయసులో 5 ఏళ్ళ సడలింపు ఉన్నాయి. చేత్తో రాయలేనివారికి పరీక్షలో స్క్రైబ్‌ను ఇస్తారు, గంటకు 20 నిమిషాలు అదనపు సమయం కూడా. ఇదంతా సీటుకు, పరీక్షకు సరిపోయింది. సోషల్ వర్క్‌లో అసలు చదువు ఫీల్డ్ వర్క్. ఇందిరాగాంధీ జాతీయ సార్వత్రిక విశ్వవిద్యాలయంలో ఇంటి నుంచి చదివినా అది తప్పదు. అక్కడ తలుపు తెరవవలసింది మాలాంటి ఆసుపత్రులే.

భాష సంగతీ ఉంది. కుప్పం నుంచి వచ్చే అమ్మ మాటలో తెలుగు, తమిళం, కన్నడం కలిసి వస్తాయి. 1997లో ద్రావిడ విశ్వవిద్యాలయాన్ని అక్కడ పెట్టింది ఈ భాషల కోసమే కదా. ఆ అమ్మ బాధ అక్కడ పుట్టి పెరిగిన పిల్లకు అర్థమైనట్టు మాకు కూడా కాదు. ఆ పిల్లేమో తెలుగు మీడియం, ఇంగ్లీషు పాఠమంటే జంకుతుంది. కేసు రిపోర్టు ముందు తెలుగులో రాయనిస్తే ఏం పోతుంది? ఇంగ్లీషు మెల్లగా వస్తుంది. చూపు లేనివారికి పాఠాన్ని కంప్యూటర్ చదివి వినిపించే ఫైలుగా ఇవ్వడమూ పెద్ద ఖర్చు కాదు.

ఇప్పుడు కాలేజీ నుంచి ఉత్తరం రాగానే, వచ్చే పిల్లలకు ఏ సౌకర్యం కావాలో ముందే అడుగుతున్నాము. మేడకు ర్యాంపు ఇంకా లేదు. అందాకా ఓ.పి. పక్క గదిలోనే పేషెంట్లతో మాట్లాడిస్తాము. మీ ఇంట్లో సదరం సర్టిఫికెట్ ఉన్న అబ్బాయో అమ్మాయో డిగ్రీ పూర్తి చేస్తుంటే, ఈ చదువు గురించి వచ్చి మాతో మాట్లాడండి. అడ్మిషన్ రోజునే, ఫీల్డ్ వర్క్‌కు ఎక్కడికి పంపుతారు, అది ఎన్నో అంతస్తు అని కూడా అడగండి.